ఏడాదికో వాక్యం

డిసెంబరు 31. రాత్రి పదిన్నర. మహబూబ్‌నగర్ బేకరీల ముందు కేకుల కోసం జనం మూగి ఉంటారు. కుర్రాళ్లు బండ్ల మీద కేకలు వేసుకుంటూ తిరుగుతుంటారు. సరిగ్గా అదే వేళకి ఇంకొందరు తలకి మఫ్లరు చుట్టుకుని, చంకలో బైబిలు పెట్టుకుని, నిద్రమొహం పిల్లల్ని భుజాన వేసుకుని చర్చి దారి పడతారు. పట్నంలోనే కాదు... జడ్చర్ల, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల, అవతల నల్గొండ వైపు దేవరకొండ... ఎక్కడ పది క్రైస్తవ కుటుంబాలున్నా ఆ రాత్రి అక్కడి గుడిలో దీపం ఆరదు.

‘వాచ్ నైట్ సర్వీసు’ అంటారు దీన్ని. పాత ఏడాదిని సాగనంపి, కొత్త ఏడాదిని మోకాళ్ల మీద ఆహ్వానించడం. ముందు పాటలు. డోలక్, తాళాలు ఉంటే సరే, ఈమధ్య కీబోర్డు లేని చర్చి అరుదు. తర్వాత సాక్ష్యాలు. గడిచిన ఏడాదిలో దేవుడు తమకేం చేశాడో ఒక్కొక్కరే లేచి చెబుతారు. కొడుక్కి జ్వరం తగ్గిందని ఒకరు. బిడ్డ కాన్పు క్షేమంగా జరిగిందని ఒకరు. అప్పు ఇంకా తీరలేదుగానీ అప్పులవాడు ఇంటి మీదకి రాలేదని ఇంకొకరు. వినేవాళ్లకి నవ్వొచ్చినా చెప్పేవాళ్లకి అది నవ్వులాట కాదు.

పన్నెండు కావస్తుండగా పాట ఆగిపోతుంది. అందరూ మోకరిస్తారు. గంట మోగుతుంది. బయట టపాకాయలు... లోపల సన్నగా ఏడుపులు, గొణుగుళ్లు. రెండు నిమిషాలయ్యాక లేచి ఒకరి చేతులొకరు పట్టుకుని ‘హ్యాపీ న్యూ ఇయర్’, ‘వందనాలు’ చెప్పుకుంటారు. అప్పుడొస్తుంది అసలు ఘట్టం!

సంఘ పెద్ద ఒకాయన స్టీలు పళ్లెం పట్టుకుని నిలబడతాడు. అందులో విజిటింగ్ కార్డంత ముక్కలు, బోర్లా వేసి ఉంటాయి. పైకి కనిపించేది ఒక గులాబీయో, జలపాతమో. తిప్పితే బైబిలు వాక్యం. వరసలో వచ్చి తలా ఒకటి తీసుకోవాలి. అదే ఆ మనిషికి ఆ ఏడాది ‘వాగ్దానం’.

‘‘నీకేమొచ్చిందే?’’

‘‘నీదెట్లుంది, జూడనియ్యి!’’

చదవడం రాని అవ్వ తన కార్డుని మనవరాలి చేతిలో పెడుతుంది. ఆ పిల్ల కూడబలుక్కుని చదువుతుంటే ఆ అవ్వ మొహం చూడాలి. ఏడాది పరీక్ష ఫలితం వింటున్నట్టే ఉంటుంది.

వరసలో నిలబడ్డ ప్రశ్నలు

ఆ వరసలో ఖాళీ చేతులతో వచ్చేవాళ్లు తక్కువ. అందరి దగ్గరా ఒక ప్రశ్న ఉంటుంది. డిగ్రీ అయిపోయిన కుర్రాడికి... హైదరాబాద్ పోయి కోచింగులో చేరాలా, ఉన్న ఊళ్లో ఏదో ఒక పని చూసుకోవాలా? ఆడపిల్ల తండ్రికి... వచ్చిన సంబంధం ఒప్పుకోవాలా, ఇంకో ఏడాది ఆగాలా? రైతుకి... ఎండిన బోరు పక్కనే మరోటి వేయాలా? పాలమూరులో ఈ చివరి ప్రశ్నకి తప్పు జవాబు చెప్పుకుంటే ఏమవుతుందో వివరించక్కర్లేదు.

అన్నిటికన్నా పాత ప్రశ్న ఇంకొకటుంది. పోవాలా... ఉండాలా?

‘పాలమూరు లేబర్’ అన్న మాట దేశమంతా తెలుసు. ఆనకట్టలు, కాల్వలు, రోడ్లు, భవనాలు... ఎక్కడ మట్టి పని పడ్డా ఈ జిల్లా మనుషులు వెళ్లారు. ముంబయి, పుణె దారులు వీళ్లకి కొట్టినపిండి. ఎత్తిపోతల పథకాలతో కొన్ని మండలాలకి నీళ్లొచ్చాయి. 2016లోనూ 2019లోనూ పాత జిల్లా ముక్కలై మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల, నారాయణపేట అయిదు జిల్లాలయ్యాయి. వలస మాత్రం పూర్తిగా ఆగలేదు. వెళ్లినవాళ్లలో క్రైస్తవులు క్రిస్మస్‌కి ఊరొస్తారు. కొత్త బట్టలు, బంధువులు, నాలుగు రోజుల సందడి. ఆ సంబరం అయిపోయేది జనవరి ఒకటితోనే. అంటే పళ్లెంలో చెయ్యి పెట్టే వేళకి, తిరుగు ప్రయాణం సంచి ఇంట్లో సగం సర్దే ఉంటుంది. ముసలి తల్లిదండ్రుల దగ్గర పిల్లల్ని వదిలి వెళ్లాలా, వెంట తీసుకెళ్లి బడి మాన్పించాలా అన్నది ఆ రాత్రికీ తేలదు. అందుకే ఆ కార్డు ముక్కకి అంత బరువు!

అయిదుగురు, ఒక కొండ

తెలుగు నేల మీద కొత్త సంవత్సరం రోజున దేవుణ్ని దారి అడిగిన సంఘటనల్లో అన్నిటికన్నా పేరున్నది ఒంగోలులో జరిగింది. పాలమూరు చర్చిల కథకి మొదలూ ఒకరకంగా అదే.

అమెరికన్ బాప్టిస్టు మిషన్ 1840 నుంచీ నెల్లూరులో పనిచేస్తోంది. ఏళ్లు గడుస్తున్నా చెప్పుకోదగ్గ ఫలితం లేదు. బర్మాలో వాళ్ల కేంద్రాలు బోలెడు. పటంలో బంగాళాఖాతానికి ఇవతల మిగిలింది నెల్లూరు ఒక్కటే. అందుకే దానికి ‘ఒంటరి నక్షత్రం’ అని పేరొచ్చింది. 1853లో అమెరికాలో జరిగిన వార్షిక సమావేశంలో దాన్ని మూసేద్దామా అని పెద్ద చర్చే నడిచింది. మూయకూడదని చివరికి తేల్చారు. అలాగని కొత్తగా మనుషులెవరూ రాలేదు.

అలాంటి రోజుల్లో 1854 జనవరి 1 తెల్లవారుజామున నెల్లూరు మిషనరీ లైమన్ జువెట్, ఆయన భార్య, ముగ్గురు తెలుగు క్రైస్తవులు ఒంగోలులో ఒక కొండెక్కారు. ఆ ముగ్గురిలో జూలియా, రూతు అనే ఇద్దరు స్త్రీలున్నారు. సూర్యుడు రాకముందే పాట పాడారు. ఒకరి తర్వాత ఒకరు ప్రార్థించారు. అడిగింది ఒక్కటే... ఈ ఊరికి ఒక మనిషిని పంపమని. దిగేముందు జువెట్ కింద ఒక స్థలం చూపించి, మిషన్ బంగళాకి అది బాగుంటుంది కదా అని జూలియాని అడిగారట. చేతిలో డబ్బు లేదు, వచ్చే మనిషి లేడు... బంగళాకి స్థలం మాత్రం ఎంపికైపోయింది!

జవాబు ఆ ఏడాది రాలేదు. మరుసటి ఏడాదీ రాలేదు. జాన్ క్లౌ అనే యువకుడు భార్యతో కలిసి ఒంగోలులో కాపురం పెట్టింది 1866లో. పన్నెండేళ్ల తర్వాత! 1867 జనవరి 1న, మళ్లీ కొత్త సంవత్సరం రోజునే, ఎనిమిది మందితో ఒంగోలు సంఘం మొదలైంది.

తర్వాతిది చరిత్ర పుస్తకాలకెక్కింది. 1876-78 మహాకరవులో బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగాన్ని క్లౌ కాంట్రాక్టుకి తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకి కూలి చూపించారు. ఆ రోజుల్లో బాప్తిస్మం అడిగినవాళ్లకి ఇవ్వకుండా ఆపారు. తిండి కోసం మతం మారారన్న మాట రాకూడదని. కరవు సడలాక 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్లలో అత్యధికులు మాదిగలు. ఊరి చివర బతికిన మనుషులకి అది కేవలం దేవుణ్ని మార్చుకోవడం కాదు. పలకా బలపం, ఒక కొత్త పేరు, నలుగురిలో కూచునే చోటు... అన్నీ దాంతోపాటే వచ్చాయి.

ఒంగోలు ఊపుతో మిషన్ నిజాం రాజ్యంలోకి నడిచింది. ఎల్బర్ట్ చ్యూట్ అనే మిషనరీ 1885లో పాలమూరు కేంద్రంగా పని మొదలుపెట్టారు. అప్పటికి ఈ ఊరి పేరు మహబూబ్‌నగర్ కాదు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ పేరు పెట్టింది 1890లో. ఆ తర్వాతా చాలాకాలం మిషన్ రికార్డులు దీన్ని ‘పాల్మూర్’ అనే రాసుకున్నాయి. జనమూ ఇప్పటికీ పాలమూరు అనే అంటారు. ఈ ఒక్క విషయంలో మిషనరీలకీ జనానికీ మాట కలిసింది!

ఇంచుమించు అదే కాలంలో నల్గొండకి రష్యా నుంచి అబ్రహాం ఫ్రీసన్ దంపతులొచ్చారు. వీళ్లు మెనోనైట్ బ్రెదరన్‌లు. యుద్ధం కూడదు, ఆయుధం పట్టకూడదు అని నమ్మే శాఖ. తర్వాత అమెరికా నుంచి అదే శాఖవాళ్లు హైదరాబాద్, నాగర్‌కర్నూల్, దేవరకొండ, వనపర్తిల్లో కేంద్రాలు పెట్టారు. 1937లో బాప్టిస్టులు పాలమూరు పనిని కూడా వాళ్లకే అప్పగించారు. బడులు, హాస్టళ్లు, జడ్చర్ల ఆస్పత్రి... ఈ ప్రాంతంలో రెండు మూడు తరాల చదువులకీ, కాన్పులకీ వీటితో సంబంధం ఉంది. భారతదేశంలో మెనోనైట్ బ్రెదరన్ సంఘాల ప్రధాన కార్యాలయం నేటికీ మహబూబ్‌నగర్ మిషన్ కాంపౌండులోనే.

వెన్నెల రాత్రులు, బొగ్గు కార్మికులు

మరి ఈ రాత్రి మేలుకోవడం, వాక్యం తీయడం ఎవరు నేర్పారు?

మేలుకోవడం ఇంగ్లాండు నుంచి వచ్చింది. 1740ల నాటి మాట. బ్రిస్టల్ దగ్గర కింగ్స్‌వుడ్ బొగ్గు గనుల్లో పనిచేసేవాళ్లు, ఒకప్పుడు సారాకొట్లో గడిపిన రాత్రిని ప్రార్థనలో గడపడం మొదలెట్టారు. మెథడిస్టు ఉద్యమ నాయకుడు జాన్ వెస్లీకి అది నచ్చింది. ఇతర ఊళ్లలోనూ పెట్టించారు. అప్పట్లో అది ఏడాది చివర జరిగేది కాదు, నెలకోసారి... పౌర్ణమి దగ్గర్లో. కారణం చాలా మామూలుది. అర్ధరాత్రి దాటాక జనం వెన్నెల్లో నడిచి ఇల్లు చేరొచ్చని! క్రమంగా అది డిసెంబరు 31కి స్థిరపడింది. 1862లో అమెరికాలోని నల్లవాళ్లు ఆ రాత్రంతా కునుకు తీయలేదు. తెల్లవారితే లింకన్ విముక్తి ప్రకటన అమల్లోకి వస్తుంది మరి.

వాక్యం తీయడం జర్మనీది. హెర్న్‌హూట్ అనే ఊళ్లో మొరేవియన్ శాఖ పెద్ద జిన్‌జెన్‌డార్ఫ్ 1728 మే 3న తనవాళ్లకి మర్నాటి కోసం ఒక మాట ఇచ్చి పంపారు. అది రోజూ అలవాటైంది. 1731 నుంచి ఏడాది మొత్తానికీ ముందే వాక్యాలు తీసి పుస్తకంగా అచ్చేస్తున్నారు. మూడు శతాబ్దాలుగా ఆ పుస్తకం ఆగలేదు. యాభైకి పైగా భాషల్లో వస్తోంది. నేటికీ హెర్న్‌హూట్‌లో ఒక గిన్నెలోంచి చీటీలు తీసే ఆ వాక్యాల్ని నిర్ణయిస్తారు. పాలమూరు స్టీలు పళ్లెానికి అదొక దూరపు చుట్టమన్నమాట.

చిలక జోస్యమా?

ఇక్కడే గుచ్చుకునే ప్రశ్న ఒకటుంది. చీటీ తీసి భవిష్యత్తు తెలుసుకోవడం, బస్టాండు దగ్గర చిలక తీసే కార్డు... రెంటికీ తేడా ఏమిటి?

ఇది బయటివాళ్లు వేసే ప్రశ్న కాదు. చర్చి లోపలే పాత తగవు. పుస్తకం తెరిచి కంటబడ్డ వాక్యంతో శకునం చూడటాన్ని క్రీ.శ. 506లో ఫ్రాన్సులోని ఆగ్డ్‌లో సమావేశమైన బిషప్పులే నిషేధించారు. నిషేధించారంటే జనం విపరీతంగా చేస్తున్నారనేగా అర్థం! ఆ మొరేవియన్లే చీటీ వేసి పెళ్లి సంబంధాలు కూడా తేల్చిన రోజులున్నాయి. ‘అవును’, ‘కాదు’, ‘ఇప్పుడు కాదు’ అనే తీరులో. ఎంతోమంది మనసులు నలిగాక 1818లో సాధారణ సభ్యుల పెళ్లిళ్లకి ఆ పద్ధతి మానేశారు. రోజువారీ వాక్యాలు మాత్రం ఉంచుకున్నారు. చీటీ ధైర్యం చెప్పొచ్చుగానీ, తీర్పు చెప్పకూడదని వాళ్లకి అనుభవం మీద తెలిసింది.

తెలుగు ఇళ్లకి ఏడాది మొదట్లో రాబోయే కాలాన్ని వినడం కొత్తేమీ కాదు. ఉగాది నాడు పంచాంగ శ్రవణంలో ఆదాయ వ్యయాలు, రాజపూజ్య అవమానాలు విననిదే పచ్చడి అరగని ఇళ్లెన్నో. మతం మారినంత మాత్రాన ఆ చెవి మారుతుందా? క్రైస్తవ ఇంట్లో వాగ్దాన కార్డుకి అంత గౌరవం దక్కడంలో ఆ పాత అలవాటు పాలు కొంత ఉందనే అనుకోవాలి. అయితే తేడా కూడా ఉంది. పంచాంగంలో వ్యయం ఉంటుంది, అవమానం ఉంటుంది. పళ్లెంలో మాత్రం అన్నీ మంచివే! కీర్తనలు, యెషయా, ద్వితీయోపదేశకాండంలోని దీవెనలు... ఆశీర్వాదాలు ఏరి అచ్చేస్తారు. అదే ద్వితీయోపదేశకాండం 28వ అధ్యాయంలో దీవెనల కంటే శాపాలే ఎక్కువ వచనాలు ఆక్రమించాయి. వాటితో కార్డు వేసిన ప్రింటరు లేడు. శాపం ఎవరు కొంటారు?

ఈమధ్య ఇది వ్యాపారంగా కూడా బాగానే పెరిగింది. పెద్ద పెద్ద పరిచర్యలు ఆ ఏడాదికి ఒకే వాగ్దానం ప్రకటించి క్యాలెండర్లు, స్టిక్కర్లు, కీచైన్లు వేస్తున్నాయి. పన్నెండు దాటిన నిమిషానికే వాట్సాప్‌లో వాగ్దానాల వాన. ఒకే మనిషికి నాలుగు గ్రూపుల నుంచి నాలుగు వాక్యాలొస్తే ఏది తనదో తేల్చుకోవడం మరో సమస్య! నచ్చనిది వస్తే పళ్లెంలో తిరిగి పడేసి ఇంకోటి తీసేవాళ్లూ లేకపోలేదు. పిల్లలు ఈ పని బాహాటంగా చేస్తారు. పెద్దలు కాస్త చాటుగా.

కనిపెట్టడం

దారి అడగడానికి తెలుగు క్రైస్తవంలో చీటీ కాకుండా వేరే బాటలూ ఉన్నాయి. హైదరాబాద్ హెబ్రోను సంఘం నడిపిన భక్తసింగ్ (2000 సెప్టెంబరులో కన్నుమూశారు) ఏ పనికైనా ముందు గంటల తరబడి, ఒక్కోసారి రాత్రంతా మోకాళ్ల మీద గడిపేవారు. స్పష్టత రాకపోతే అడుగు వేసేవారు కాదు. దేవదాసు అయ్యగారి బైబిలు మిషన్‌లో మౌనంగా దేవుని సన్నిధిలో కూచునే పద్ధతి ఉంది. వెస్లీ సంప్రదాయం నుంచి వచ్చిన ‘నిబంధన ఆరాధన’ దక్షిణ ఇండియా సంఘం ఆరాధన పుస్తకంలో చోటు సంపాదించుకుంది. కొత్త ఏడాది మొదట్లో జరిపే ఆ ఆరాధన తీరే వేరు. అందులో మనిషి దేవుణ్ని ‘నాకేమిస్తావు’ అని అడగడు. నన్నెక్కడ పెట్టినా, పనిలో పెట్టినా పక్కన పెట్టినా సరేనని తానే మాటిస్తాడు. పళ్లెం వాగ్దానానికి ఇది తలకిందులు!

ఈ ఎదురుచూపుకి క్రైస్తవ తెలుగులో వాడే మాట... ‘కనిపెట్టడం’. మామూలు తెలుగులో కనిపెట్టడమంటే కొత్తది కనుక్కోవడం. ‘ఇల్లు కనిపెట్టుకుని ఉండు’ అంటే కాపలా కాయమని. బైబిలు తెలుగులో దేవుని కోసం ఓపిగ్గా వేచి ఉండటం. వెతకడం, కాయడం, వేచి ఉండటం... మూడింటికీ ఒకే మాట. పొలం దగ్గర మంచె మీద రాత్రంతా మేలుకున్నవాళ్లకి ఈ మాట వేరే చెప్పక్కర్లేదు.

కార్డులో లేని వచనం

వాగ్దాన కార్డుల్లో అన్నిటికన్నా ఎక్కువమంది ఇష్టపడే వాటిలో యిర్మీయా 29వ అధ్యాయం 11వ వచనం ఒకటి. మీ విషయంలో నా ఆలోచనలు మేలు కోసమే, కీడు కోసం కావు అని దేవుడు చెప్పే సందర్భం. గోడల మీద, పెళ్లి పత్రికల మీద, ఆటోల వెనక కూడా కనిపిస్తుంది.

అయితే అది ఒక ఉత్తరంలోని ముక్క. ఎవరికి రాసిన ఉత్తరం? ఊరు వదిలి బబులోనుకి చెరగా వెళ్లిన జనానికి. వాళ్లు ఎప్పుడు ఇంటికెళతామా అని రోజులు లెక్కపెట్టుకుంటున్నారు. రెండేళ్లలో తిరిగొచ్చేస్తారని చెప్పిన హనన్యా అనే ప్రవక్త మాట వాళ్లకి తీపిగా ఉంది. యిర్మీయా మాత్రం చేదు చెప్పాడు. 11వ వచనానికి ముందున్న 10వ వచనంలో ఉన్న లెక్క డెబ్బై ఏళ్లు! అప్పటిదాకా ఏం చేయాలో అంతకు ముందే రాశాడు. అక్కడే ఇళ్లు కట్టుకోండి. తోటలు వేసి పండ్లు తినండి. పిల్లలకి పెళ్లిళ్లు చేయండి. మీరున్న ఆ పరాయి పట్నం బాగు కోసం ప్రార్థించండి... ఇదీ దాని సారం. ఇది పాలమూరు మనిషికి అర్థమైనంతగా ఇంకెవరికి అర్థమవుతుంది? ఇంటికి ఎప్పుడొస్తావంటే ఈ ఏడాదే ఆఖరు అని ఏటా చెప్పి, పాతికేళ్లు ముంబయిలో ఇటుకలు మోసినవాళ్లు ఈ జిల్లాలో ఎంతమందో!

కార్డు మీద మొత్తం ఉత్తరం పట్టదు. ఉన్న చోటులో ఆ ఒక్క మాటే పడుతుంది. ఇంటికెళ్లాక బైబిలు తెరిచి ముందూ వెనకా చదివినవాడికి దొరికేది ‘పో’, ‘ఉండు’ అన్న జవాబు కాదు. ఎక్కడున్నా ఎలా ఉండాలన్నది. కొందరు పాస్టర్లు జనవరి మొదటి ఆదివారం ఇదే పని పెట్టుకుంటారు. ఎవరికొచ్చిన వాక్యాన్ని వాళ్లు మొత్తం అధ్యాయంతో సహా చదువుకు రమ్మంటారు. చదువుకొచ్చేవాళ్లు తక్కువే. అయినా అడుగుతారు.

2020 చివరి రాత్రి ఎన్నో ఇళ్లలో పళ్లెం లేదు, వరస లేదు. కరోనా భయానికి ఫోను తెర మీదే ప్రార్థన. ఆ మార్చి నెల లాక్‌డౌన్‌లో నగరాల నుంచి నడుచుకుంటూ బయల్దేరిన వలస కూలీల్ని దేశమంతా చూసింది. ఆ ఏడాది మొదట్లో కార్డు తీసుకున్న ఎవరికీ ఇలా జరుగుతుందని అందులో రాసి లేదు. అయినా మరుసటి డిసెంబరులో మళ్లీ వరస కట్టారు.

జనవరి మొదటి వారం. సాయంత్రం బస్టాండు. జొన్నపిండి మూట, పచ్చడి డబ్బా, చుట్టిన దుప్పటి, ఒక ప్లాస్టిక్ బకెట్. సాగనంపడానికి వచ్చిన ముసలమ్మ కిటికీ లోంచి చేయి పెట్టి కొడుకు చొక్కా జేబు తడిమి చూస్తుంది. ఆధార్ కార్డు, నాలుగు నోట్లు... వాటి వెనక గులాబీ బొమ్మ కార్డు. ఉందా లేదా అని చూసుకుని చేయి తీస్తుంది. డ్రైవరు హారన్ కొడతాడు.